మేనేజరు కుర్చీ వెనక గోడ

కార్మిక చట్టాల బోర్డు ఫ్యాక్టరీలో అందరికీ కనబడేలా పెట్టాలన్నది రూలు. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలోనూ పెట్టాడు మేనేజరు మహానుభావుడు, తన గదిలో, తన కుర్చీ వెనక! చదవాలంటే పులిబోనులోకి వెళ్లినట్టే. అందుకే ఆ బోర్డు మొహం చూసిన పాపాన ఎవరూ పోలేదు.

కాలర్లు కుట్టే అమ్మాయికి మాత్రం ఆ అవసరం వచ్చిపడింది.

"కడుపుతో ఉన్నవాళ్లని పన్లోంచి తీసేయకూడదని అందులో ఉంటుంది వదినా. నీ కళ్లతో చూసుకున్నాకే నీ సంగతి ఫ్యాక్టరీలో చెప్పు," అని ఆడపడుచు ఒకటే పోరు.

మిషను సూదులు కావాలన్న వంకతో లోపలికి వెళ్లింది. జీతాలు, పనిగంటలు, సెలవులు... ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి వచ్చేసరికి, సరిగ్గా అక్కడే మేనేజరు బట్టతల అడ్డం!

సూదుల డబ్బా కోసం ఆయన సొరుగులోకి వంగాడు. ఆమె గబగబా చదివేసింది. ఉంది! తీసేయకూడదు! పోయిన ప్రాణం లేచొచ్చింది.

మేనేజరు తలెత్తాడు. ఆమె చూపు ఎక్కడుందో చూసి, వెనక్కి తిరిగి, ఆ వరుసని తీరిగ్గా చదివాడు. డబ్బాని మళ్లీ సొరుగులో పెట్టేశాడు.

"ఎన్నో నెలమ్మా?" అన్నాడు.