పట్టు దిండు మీద ఊపిరాడక

నేను ఒక ల్యాప్‌టాప్ పొట్టలో తిరిగే చిన్న ఫ్యానుని. అరచేతిలో ఇమిడిపోతాను. గొప్పగా చెప్పుకునేందుకు నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక తప్పు, అదీ తల వంచుకుని చెప్పుకోవలసిందే.

ల్యాప్‌టాప్‌లో ఆలోచించే పని ప్రాసెసర్‌ది. ఆలోచించిన కొద్దీ దానికి ఒళ్ళు కాలిపోతుంది. పనిచేసి వేడెక్కేవాళ్ళు కొందరు, వాళ్ళను చల్లబరిచేవాళ్ళు కొందరు. రెండోవాళ్ళను ఎవరూ లెక్కచెయ్యరని ఇల్లాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ప్రాసెసర్ నెత్తిన ఒక రాగి గొట్టం ఆనుకుని ఉంటుంది. అందులో చుక్క నీరు. అది వేడికి ఆవిరై గొట్టం అవతలి కొసకు పోతుంది. అక్కడ సన్నటి రేకుల దొంతర. నేను అడుగునున్న కన్నాల్లోంచి చల్లగాలి పీల్చి ఆ రేకుల మీదికి ఊదుతాను. ఆవిరి మళ్ళీ నీరై వెనక్కి వస్తుంది. ఇంతే నా ఉద్యోగం.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక ఆఫీసులో మూడేళ్ళు తిరిగి, ఏడాది కిందట కాకినాడలో వసుంధర ఇంటికి చేరాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు ఆమె మొదటిసారి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పాలి. ముందు ఒక పావుగంట పాఠం చెప్పి మెప్పించాలి.

ఆమె అత్తగారు శేషమాంబ. చదువుకునే వస్తువు కాలికి తగలకూడదని ఆవిడ పట్టుదల. మేం వచ్చిన రోజే బూరుగు దూది దిండుకు పట్టు గలేబు తొడిగి, “సరస్వతిని కటిక నేల మీద పెడతారటే?” అని కోడలిని కేకలేసి, మమ్మల్ని దాని మీద కూర్చోబెట్టింది. అంత మర్యాద నాకు ఇంకెక్కడా జరగలేదు. ఊపిరాడక చచ్చాను.

పాఠం చెప్పే రోజు వచ్చింది. మే నెల, పొద్దున్న పదకొండు. కాగితాలు ఎగురుతాయని వసుంధర గదిలో ఫ్యాను కట్టేసింది. నా కింద దిండు, రేకుల సందుల్లో ఏడాదిగా పేరుకున్న దూది. భిన్నాల దగ్గరకు వచ్చేసరికి ప్రాసెసర్ సలసల కాగిపోతోంది. ఉన్న బలమంతా పెట్టి తిరిగాను. గాలి రాలేదు కానీ అరుపు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

తెర మీద పాఠం వింటున్న కంపెనీ పెద్దమనిషి, “మేడమ్, మీ ఇంట్లో మిక్సీ కాసేపు ఆపిస్తారా?” అన్నాడు.

వసుంధర మొహం కందగడ్డయింది. “అత్తయ్యా! ఒక్క పావుగంట ఆగలేరా? కట్టెయ్యండి ఆ మిక్సీ!”

శేషమాంబ గుమ్మం అవతల కూర్చుని ఉంది, దగ్గు వస్తుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. పొద్దుటి నుంచి పొయ్యి కూడా వెలిగించలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆడని మిక్సీ స్విచ్చిని ఒకసారి వేసి కట్టింది.

ఆ టక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. నోరుంటే, అరుస్తున్నది నేనని చెప్పేసేదాన్ని. నాకున్నది అరుపొక్కటే.

ప్రాసెసర్ ముందు నెమ్మదించింది. వసుంధర మాట ముక్కలైంది, బొమ్మ బిగుసుకుంది. ఆఖరికి ప్రాసెసర్ తన ప్రాణం దక్కించుకోవడానికి అన్నీ ఆపేసింది. తెర నల్లబడింది.

ఆ రోజంతా అత్తాకోడళ్ళు మాట్లాడుకోలేదు. మర్నాడు ఇద్దరూ మమ్మల్ని రిపేరు షాపుకు తీసుకెళ్ళారు. మెకానిక్ బాజీ అడుగు విప్పి, పట్టకారుతో దూది ఉండను పైకి లాగాడు.

“పరుపు మీద పడుకోబెడతన్నారేంటండి? ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటే ఎలాగండి? పాపం, మిక్సీలాగా అరిచుంటది.”

శేషమాంబ తెల్లబోయింది. “అయితే నా దిండే కొంప ముంచిందా?”

వసుంధర ఆ మాట పట్టించుకోలేదు. “మిక్సీ వెయ్యలేదని గట్టిగా చెప్పొచ్చు కదా, అత్తయ్యా?”

“గట్టిగా అంటే ఆ తెర మీదాయనకి వినపడదూ?” అంది శేషమాంబ.

వసుంధర అక్కడే నిలబడి ఆ పెద్దమనిషికి ఫోను చేసింది. “నిన్న మా అత్తగారు మిక్సీ వెయ్యలేదండీ. ఆ చప్పుడు నా ల్యాప్‌టాప్‌ది. ముందు ఆ మాట చెబుదామని చేశాను. వీలైతే ఇంకోసారి పాఠం వినండి.” శుక్రవారం వింటామన్నారు.

నా ఇరుసు అరిగిపోయిందట. బాజీ కొత్త ఫ్యాను బిగించి, నన్ను పాత స్క్రూల డబ్బాలో పడేశాడు. శుక్రవారం మధ్యాహ్నం అతని ఫోనులోంచి శేషమాంబ గొంతు డబ్బా దాకా వినిపించింది.

“బాజీ, మా కోడలికి ఉద్యోగం ఇచ్చారయ్యా! పాఠమంతా చెప్పింది, ఇంత చప్పుడైనా లేదు!”

ఎవరికీ వినపడకుండా తిరగడమే మా జాతికి మంచి పేరు. కొత్తది మొదటి రోజే ఆ పేరు తెచ్చుకుంది. నేను స్క్రూల మధ్యన ఇంకాస్త లోపలికి జారిపోయాను.