గడియ నిలవని ఇల్లు

శామీర్‌పేట చెరువు కట్ట కింద సుక్కమ్మ ఇంటికి తలుపు ఉందిగానీ దాన్ని ఎవరూ వేసేవారు కారు. వేసినా నిలవదు. పొద్దున్నే ఆమె వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, జొన్న గటక కుండ పొయ్యి మీద పెట్టి మూత వేసేది. చీపురు మూలన పెట్టి తిరిగి చూసేసరికి మూత కింద పడి ఉండేది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి, గటకను అలాగే కలుపుకునేది. చిన్నప్పటి నుంచీ అంతే. సుక్కమ్మ ఉన్న చోట మూసింది మూసినట్టు ఉండదు, కట్టింది కట్టినట్టు ఉండదు.

ఊరు దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. మొగుడు ఎంకయ్య చేపల బుట్టకు మూత కట్టడం మానేసి, పైన తడిగుడ్డ కప్పుకుని, పెళ్లాం ఇంకా నిద్ర లేవకముందే మేడ్చల్ అంగడికి బయల్దేరేవాడు. అంగట్లో ఉప్పు, మిర్చి, బెల్లం, పొగాకు అమ్మే జలాల్ ఆమె దూరంగా కనబడగానే డబ్బాల మీద రెండు చేతులూ పెట్టేసుకునేవాడు.

"సుక్కక్కా, నీకేం గావాల్నో ఆడికెల్లే చెప్పు. నేనే తెచ్చిస్త" అనేవాడు.

"ఉప్పు, ఎండుమిర్చి. జల్దీ ఇయ్యి, నీ సంచి మూతి ఊడుతాంది" అని ఆమె నవ్వేది.

కాన్పు కష్టమైతే ఇంట్లో తాళాలన్నీ తీసేయడం, మూటలు విప్పడం, ఆడవాళ్లు కొప్పులు వదులు చేసుకోవడం ఆ పక్క పద్ధతి. శామీర్‌పేటలో అంత శ్రమ లేదు. సుక్కమ్మను పిలిచి వాకిట్లో కూర్చోబెడితే చాలు. లోపల మంత్రసాని బషీరున్నీసా తన పని తాను చేసుకునేది. బయట సుక్కమ్మ కాళ్లు చాపుకుని ఆకాశం చూస్తూ కూర్చునేది. ఎండైనా వానైనా వాకిలే. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ అడిగేవారు కారు. ఎందుకు రాదో ఊరందరికీ తెలుసు.

ఎనిమిదేళ్ల వయసులో ఆమెను దొర పాతరలోకి దింపారు. నేలలో లోతుగా తవ్వి, జొన్నలు పోసి, పైన గడ్డీ మట్టీ కప్పి దాచే గొయ్యి అది. నోరు ఇరుకు కాబట్టి పిల్లలనే దింపి గంపలు నింపించేవారు. ఆ రోజు ముగ్గురు దిగారు. ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. సగం జొన్నలు ఇంకా లోపలే ఉన్నాయి, తడిస్తే ముక్కిపోతాయని దొర మనిషి కేకలేశాడు. వెట్టికి వచ్చినవాళ్లు హడావిడిగా బండ దొర్లించి మట్టి మెత్తారు. ఇద్దరు పిల్లలు పైకొచ్చి ఇళ్లకు పరిగెత్తడం అందరూ చూశారు. మూడోది కూడా వాళ్ల ముందే పోయిందనుకున్నారు. మట్టి మెత్తినవాళ్లలో సుక్కమ్మ నాయిన ఉన్నాడు.

కౌకూర్‌లో మేనత్త ఇంటికి పోయిందేమోనని వెతికి, అక్కడా లేదని తెలిసి, మర్నాడు పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాక, పిల్ల పాతరలోనే ఉండిపోయిందని ఆయనకే తట్టింది. గోళ్లు ఊడేలా తవ్వి తీశాడు. ఆ ఉక్కలో, ఆ చీకట్లో పిల్ల ఎలా బతికిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇంట్లో మూతలు ఊడిపోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

తర్వాత సుక్కమ్మ పెళ్లి చేసుకుంది, చేపలమ్మింది, నాట్లకు పోయింది, పదిమందిలో నవ్వింది. పిరికిదని ఆమెను ఎవరూ అనలేరు. కానీ ఒంటి చుట్టూ ఏది బిగుసుకున్నా ఓర్చుకోలేదు. ఒక్కగానొక్క కూతురు యాదవ్వకు పాలు కూడా వాకిట్లోనే కూర్చుని ఇచ్చింది. ఐదేళ్లప్పుడు యాదవ్వ జ్వరంలో తల్లి మెడను గట్టిగా కరుచుకుంది. సుక్కమ్మకు ఊపిరాడలేదు. ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకుని బయటికి పరిగెత్తింది. లోపల పిల్ల ఏడ్చింది, బయట తల్లి ఏడ్చింది. ఎటు పోవాలో తెలియక ఎంకయ్య గడప మీద కూలబడ్డాడు. యాదవ్వ ఇక ఎన్నడూ తల్లిని ముట్టుకోలేదు.

పెరిగాక యాదవ్వను బౌరంపేట్‌కు ఇచ్చారు. ఎక్కడో యుద్ధం జరుగుతూ, ఊళ్లలో సర్కారు లెవీ ధాన్యం కొలుచుకుపోతున్న ఏడు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలైన పొద్దున సుక్కమ్మ ఎప్పటిలాగే వాకిట్లో కూర్చుంది. ఇంటి గడియ జారింది. ఎదురింటి సందుగ పెట్టె తాళం కూడా ఊడిపడింది.

"అమ్మా, లోపటికి రాయే" అని యాదవ్వ పిలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు పిలిచింది. సుక్కమ్మ మూడుసార్లూ లేచి గడప దాకా పోయి, ఆ చీకటి గదిని చూసి వెనక్కి వచ్చింది.

మగపిల్లవాడు పుట్టాడు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని, ఊపిరి లేకుండా పుట్టాడు. సుక్కమ్మ ఉండగా విడిపోని ముడి అదొక్కటే.

యాదవ్వ ఏడవలేదు. పిల్లవాణ్ని కట్ట అవతల పూడ్చి వచ్చారని తెలిసినా కన్ను తడవలేదు. తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. గడియ జారి తలుపు తెరుచుకుంది. లేచి మళ్లీ వేసింది, మళ్లీ తెరుచుకుంది. పీట అడ్డం పెడితే పీట పక్కకు జరిగింది. చివరికి విసిగి వదిలేసింది. తలుపు బార్లా తెరిచే ఉంది, మనిషే మూసుకుపోయింది. మూడు రోజులు మెతుకు ముట్టలేదు, నోరు విప్పలేదు. రొమ్ములు గట్టిపడి ఒళ్లు కాలిపోతోంది.

మూడో రోజు మధ్యాహ్నం బషీరున్నీసా బయటికొచ్చి సుక్కమ్మ పక్కన చతికిలబడింది.

"పాలు గడ్డ గడ్తున్నయి. నన్ను చెయ్యి పెట్టనిస్తలేదు. ఏడిస్తే దిగుతయి సుక్కమ్మా. లేకుంటే జరం నెత్తికెక్కుతది. గిట్లనే ఇద్దరు నా చేతుల పోయిన్రు."

"నేను వాకిట్లనే ఉన్న గదా."

"నీ వాకిలి తలుపులకు పనిజేస్తది. ఆ పిల్లకు అమ్మ గావాలె" అంది బషీరున్నీసా. మెల్లగా ఇంకో మాట కలిపింది, "బతికినా గిట్లనే ఇడిసిపెడితే నీ లెక్కనే బతుకుతది."

ఆ మాట సుక్కమ్మకు గుచ్చుకుంది. వాకిలి నిండా పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు గదిలోకే చూస్తున్నారు. ఇంతమంది ముందు ఏ పిల్ల ఏడుస్తుంది? ఆమె లేచింది. గడప దాటింది. లోపలికి పోయి, వెనక్కి తిరిగి తలుపు తనే మూసి, గడియ పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆ పని చేయడం అదే మొదలు.

గదికి కిటికీ లేదు. సాంబ్రాణి పొగ కమ్ముకుని ఉంది. సుక్కమ్మకు చెమటలు పట్టాయి. చాప మీద కూర్చుని కూతుర్ని లేపి, ఆ రెండు చేతులూ తీసి తన మెడ చుట్టూ వేసుకుంది.

"ఇడువు. నువ్వు ఓర్వలేవు" అంది యాదవ్వ. మూడు రోజుల్లో అదే మొదటి మాట.

"ఓర్వలేను. అయినా ఉంట."

సుక్కమ్మ ఎవరికీ చెప్పని సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"పాతరల ఉన్నప్పుడు నెత్తి మీద మట్టి మెత్తుతున్న చప్పుడు ఇనవడ్డది బిడ్డా. గా చేతులు మా నాయినవే. ఆయన ఏది మెత్తినా రెండుసార్లు తడుతడు, దాంతోటి తెలిసింది. నాయినా అని మొత్తుకున్న. ఉరుములల్ల ఆయనకు ఇనవడలే. తీసినంక అడిగిండు, చప్పుడేమన్న ఇన్నవా బిడ్డా అని. లే నాయినా, నిద్రవోయిన అన్న. సచ్చేదాంక అడుగుతనే ఉండె. సచ్చేదాంక గదే చెప్పిన."

యాదవ్వ తలెత్తి తల్లివైపు చూసింది.

"నీకు గట్ల అబద్దం చెప్ప. నువ్వు మూడుసార్లు పిలిసినవు. నేనిన్న. ఇని గూడ రాలే."

మెడ చుట్టూ చేతులు బిగిశాయి. యాదవ్వ నోట్లోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. పన్నెండేళ్ల ఏడుపూ, మూడు రోజుల ఏడుపూ కలిసి వచ్చాయి. పాలు కారి ఇద్దరి రవికలూ తడిశాయి. సుక్కమ్మకు గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది, ఊపిరి సగంలోనే ఆగుతోంది. ఆమె ఆ వేళ్లను విడదీయలేదు.

బయట ఆడవాళ్లు తలుపు తెరుచుకుంటుందని చూస్తూ కూర్చున్నారు. ఎంకయ్య లేచి నిలబడ్డాడు. గడియ జారలేదు.

చాలాసేపటికి యాదవ్వకు తన చేతుల మధ్య తల్లి వణకడం తెలిసింది.

"అమ్మా, తలుపు తియ్యనా?"

"వద్దు బిడ్డా. నీకు ఏడుపు సాలినంక తీద్దాం."