పై తొట్లో వుకోమన్ కొవ్వొత్తి

తేనెమైనం వాసన. తడిసిన ఉన్ని కోట్ల వాసన. ఆదివారం పొద్దున మా చర్చి అంటే అదే.

గోడ పక్కన, కొవ్వొత్తులు గుచ్చడానికి, ఒకదాని కింద ఒకటి రెండు ఇసుక తొట్లు. పైది బతికున్నవాళ్లకి. కిందది పోయినవాళ్లకి.

స్టామెన్‌కా అవ్వ కొవ్వొత్తి పై తొట్లోనే వెలిగేది... వాళ్ల అన్న వుకోమన్ పేరు మీద.

పందొమ్మిది వందల పదిహేను చలికాలంలో, ఓడిన మన సెర్బియా సైన్యంతో అల్బేనియా కొండలెక్కి వెళ్లాడు వుకోమన్. మళ్లీ కబురు లేదు. తిరిగొచ్చినవాళ్లు మాత్రం చెప్పారు — దారిలో మంచులో కూర్చున్నవాళ్లు ఇక లేవలేదని.

యుద్ధమయ్యాక ఊళ్లో రాయి నిలిపి, పోయినవాళ్ల పేర్లు చెక్కారు. వాళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చిందట, నా కొడుకు పేరు ఎక్కించారో చూసుకోండని. ఎక్కించలేదు. ఎవరి తరం?

అమ్మ పోయాక కొవ్వొత్తి చెల్లెలి చేతికొచ్చింది. ఇద్దరి చేతా కలిపి యాభై ఆరేళ్లు... పై తొట్లోనే. కింద పెడితే మనిషిని మన చేత్తో చంపినట్టేనని మా ఊరి నమ్మకం.

మూడేళ్ల కిందట అవ్వకి ఆయాసం ఎక్కువైంది. నేను పోతే అన్నయ్యకి పైన పెట్టేదెవరు, కింద పెట్టేదెవరు అని నన్నే అడిగేది. నేను పింఛను తీసుకుంటున్న బడిపంతుల్ని.

వుకోమన్ ఏమయ్యాడో చెప్పమని సైన్యం ఆఫీసులకి ఉత్తరాలు రాశాను. మూడేళ్లు. ఆఫీసులవాళ్లు విసుక్కున్నారు. నేనూ తక్కువేం తినలేదు, విసుక్కున్నాను.

పోయిన గురువారం కవరొచ్చింది. కొండలు దాటిన జబ్బు సైనికుల్ని ఓడల్లో తీసుకెళ్లి చేర్చిన, సముద్రం అవతల ఆఫ్రికా ఒడ్డున ఓ సైనికాసుపత్రి రిజిస్టరు నకలు. వుకోమన్. మా ఊరు. వాళ్ల నాన్న పేరు. టైఫాయిడ్‌తో మృతి. పందొమ్మిది వందల పదహారు, ఏప్రిల్.

ఇన్నేళ్ల కొవ్వొత్తిని దించేది నేనా?

ఆదివారం చర్చి బయట బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. అవ్వ ఏడవలేదు.

"మంచం మీదేనా మేష్టారూ?"

"మంచం మీదే అవ్వా. పద్నాలుగో నంబరు."

"కప్పుకోడానికి ఏమన్నా..."

కాగితం మళ్లీ చూశాను. అడుగున, ఆసుపత్రి వస్తువుల పట్టీ. రెండు దుప్పట్లు — ఉతికి స్టోరుకి వాపసు.

"రెండు దుప్పట్లు అవ్వా."

అవ్వ ఊపిరి వదిలింది. అంత పొడుగు ఊపిరి ఆ ఆయాసపు మనిషిలో ఎక్కడ దాగిందో!

"పైన వెలిగిస్తూనే ఉన్నాను గానీ మేష్టారూ... కళ్లు మూస్తే మంచులోనే కనిపించేవాడు."

అమ్మయ్య అనుకున్నాను. నిజంగా, అమ్మయ్య.

లోపలికెళ్లాం. మోకాళ్లు వంగవు, నా చెయ్యి పట్టుకోదు, ఆ మొండితనం ఆమెది. వంగింది. కింది తొట్లో కొవ్వొత్తి గుచ్చింది. ఒరిగిపోకుండా చుట్టూ ఇసుక ఒత్తింది. ఇటు ఒత్తింది... అటు ఒత్తింది... వేళ్లు ఆగవే!

పోయేనాటికి వాడికి ఇరవై రెండు. ఈమెకిప్పుడు డెబ్బై ఒకటి.

అన్నయ్యా అనలేదు.

"పడుకో నాయనా," అంది.