పంపానని చెప్పాను

"అక్కా, నా ఫారం పంపినవా?" అని నీలమ్మ మంచానికి అటువైపు నుంచి అడిగింది. దుప్పటి ఒక కొన ఆమె చేతిలో ఉంది, ఇంకో కొన నా చేతిలో ఉంది. "పంపానని నిన్న కూడా చెప్పాను కదా నీలమ్మా" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగని దానికి కూడా జవాబు చెప్పాను. "చేరినట్టు వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ కూడా వచ్చింది." "సరే అక్కా" అని ఆమె కొనను పరుపు కిందికి దోపి దిండు అందుకుంది. ఆమె ఫారం, పాస్‌పోర్టు జిరాక్సు పన్నెండు రోజులుగా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.

మేమిద్దరం జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పనిచేస్తాం. ఎనిమిది గదులు. చెన్నై నుంచి వచ్చే కెమెరామెన్లు, ముంబై నుంచి వచ్చే హీరోయిన్లు, వాళ్ళ అమ్మలు దిగుతుంటారు. వాళ్ళు షూటింగ్‌కి వెళ్ళగానే మేం గదుల్లోకి వెళ్తాం. పక్కలు మార్చడం, బాత్రూములు కడగడం, దిండ్లకంటిన మేకప్ మరకలు వదిలించడం మా పని. ఫిల్మ్‌నగర్‌లో మా అపార్టుమెంటు వాళ్ళకి మాత్రం నేను 'గెస్ట్ రిలేషన్స్'. శ్రీనగర్ కాలనీలో ఉన్న మా అత్తగారి చుట్టాలకి 'ప్రొడక్షన్'. మా ఆయన కమలాకర్ పద్నాలుగేళ్ళుగా కో-డైరెక్టర్. "ఇవాళో రేపో నాకు సినిమా వస్తుంది. కమలాకర్ భార్య పక్కలు వేస్తోందని తెలిస్తే నా కథ ఎవడు వింటాడు?" అంటారాయన. ఇంట్లో ఆయన పక్క కూడా నేనే వేస్తానని, దానివల్ల ఆయన కథలకేమీ నష్టం రాలేదని నేనెప్పుడూ అనలేదు.

అనకపోవడం ఒక్కటే అయితే సరిపోయేది. కిందటేడు మా చిన్నత్తగారు ఎవరో కెమెరామెన్‌ని కలవడానికి గెస్ట్‌హౌస్‌కి వచ్చారు. ఆమె మెట్లెక్కుతుంటే చూసి, నా చేతిలో తుడుపుకర్ర నీలమ్మ చేతిలో పెట్టాను. పెట్టి ఊరుకోలేదు. "ఆ మూల సరిగ్గా తుడువు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని ఆమె మీద అరిచాను. నీలమ్మ తుడిచింది. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని అన్నం తినేటప్పుడు ఆ సంగతి ఎత్తలేదు. రోజూ లాగే తొక్కు సీసా నా వైపు జరిపింది. ఆ తొక్కు వేసుకునే అన్నం తిన్నాను. క్షమించమని ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు.

అలాంటి నాకు ఈ ఉద్యోగం సంగతి తెచ్చింది నీలమ్మే. వాళ్ళ అక్క కొడుకు హనుమంతు మాల్దీవుల్లో ఒక రిసార్టులో బట్టలుతికే సెక్షన్‌లో ఉన్నాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సీజనట. ఆ ఆరు నెలలకి గదుల పనికి ఆడవాళ్ళు కావాలని, ఇద్దరు కావాలని అతను కబురు చేశాడు. మస్కట్ పోదామని ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు నీలమ్మ దగ్గర ఉంది. "నాకు ఇంగ్లీషు రాదు, నీకొస్తది. ఇద్దరివీ నువ్వే నింపు అక్కా" అంది. మాల్దీవులంటే నాకు తెలిసింది ఒక్కటే, షూటింగుల మధ్య హీరోయిన్లు వెళ్ళి, నీళ్ళ మీద ఊయల్లో కూర్చుని ఫొటోలు పెట్టే చోటు. ఆ ఊయల వెనకున్న గదిని ఎవరో ఊడవాలని, రోజూ గదులూడ్చే నాకే తట్టలేదు.

నాకు వెళ్ళాలనిపించింది. సముద్రం కోసం కాదు. గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది గదులు చేసి ఇంటికొస్తే తొమ్మిదోది, పదోది, వంటిల్లు, అత్తగారి మందులు, ఆయన కథాచర్చలకొచ్చేవాళ్ళ టీలు. పని ఎక్కడైనా పనే. కానీ అక్కడ సాయంత్రానికి డ్యూటీ దిగుతారట. డ్యూటీ దిగడమనే మాట నా గురించి నేను ఇంతవరకు వాడుకోలేదు. దాని మీద నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తగారు శ్యామలాదేవి అడిగిన మొదటి మాట, "ఆరు నెలలు నాకు పొద్దున్నే కాఫీ ఎవరిస్తారు?" ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్న మా స్ఫూర్తి ఫోన్‌లో, "వెళ్ళమ్మా, ప్లీజ్" అంది. కమలాకర్ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "అవుట్‌డోర్ షెడ్యూల్ అని చెబుదాం. మాల్దీవులంటే అందరూ నమ్ముతారు. కానీ ఆ నీలమ్మ నీతో రాకూడదు. ఆవిడ పక్కనుంటే నువ్వేం పనికి వెళ్తున్నావో ఎయిర్‌పోర్టులోనే తెలిసిపోతుంది. ఆవిడ వాళ్ళ బోరబండంతా చెబుతుంది. బోరబండ నుంచి ఫిల్మ్‌నగర్ ఎంత దూరం?" అన్నారు. ఇదంతా ఆయన మీదకి తోసేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆయన ఆ మాట అనక ముందే అది నా మనసులో ఉంది. ఆయన అనగానే నాకు ఊరట కలిగింది. నా ఫారం పంపాను, ఆమెది బ్యాగులో పెట్టుకున్నాను.

ఫారంతో పాటు రెండు నిమిషాల వీడియో పంపమన్నారు. పేరు, పని, అనుభవం చెబితే చాలు. మా ఇంట్లో అంత మామూలుగా ఎలా జరుగుతుంది? కమలాకర్ దాన్ని స్క్రీన్ టెస్ట్ చేశారు. పట్టుచీర కట్టించారు, ముఖానికి లైటు పెట్టించారు, పదకొండు టేకులు తీసుకున్నారు. ఆఖరికి చూసుకుని, "ఇంగ్లీషు తేలిపోతోంది" అన్నారు. మా ఆడపడుచు మనోజ్ఞ డబ్బింగ్ ఆర్టిస్టు. ఆమెని పిలిపించి నా పెదాల మీద ఆమె గొంతు వేయించారు. "ఇలా చెయ్యొచ్చా?" అని అడిగితే మనోజ్ఞ నవ్వింది. "హీరోయిన్లకే తప్పట్లేదు వదినా, నీకేంటి? మన దగ్గర ఎవరి గొంతు వాళ్ళదేంటి?" అంది. సినిమావాళ్ళకి అది తప్పని తోచదు. వీడియో వేసుకుని చూశాను. ముఖం నాదే, మాట్లాడుతున్నది ఇంకెవరో. చాలా బాగుందన్నాను.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి వీడియోకాల్‌లో ఇంటర్వ్యూ. పొద్దున నీలమ్మకి ఆ అబద్ధం మళ్ళీ చెప్పి, తలనొప్పని సెలవు అడిగి ఇంటికొచ్చాను. ఇవాళ్టికి అది రెండో అబద్ధం. ఫోన్‌లో కనిపించిన రిసార్టు ఆవిడ నా వయసుదే. నన్ను నాలుగు మాటలు మాట్లాడనిచ్చి, "వీడియోలో గొంతు ఇది కాదే" అంది. ఫోన్ వెనక నిలబడ్డ కమలాకర్ చేత్తో మెడ పట్టుకుని దగ్గుతున్నట్టు అభినయించారు. "జలుబు చేసింది" అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. "సరే, ఫోన్ ఎవరికైనా ఇచ్చి ఒక పక్క వేసి చూపించండి" అంది.

ఫోన్ కమలాకర్ పట్టుకున్నారు. పడకగదిలోకి వెళ్తుంటే మా అత్తగారు, "పడకగది కూడా ఊళ్ళోవాళ్ళకి చూపిస్తారట్రా?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి, విదిలించి అటువైపుకి విసిరాను. విసిరి ఆగాను. అది మంచం దాటి వెళ్ళి కమలాకర్ కాళ్ళ మీద పడింది. ఆయన కిందికి చూసి, "కంటిన్యూ, కంటిన్యూ" అన్నారు మెల్లగా. మళ్ళీ విసిరాను. మళ్ళీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి, మళ్ళీ కింద పడింది. మూడేళ్ళుగా నేను విసరడం, నీలమ్మ అందుకోవడం. ఒంటరిగా పక్క ఎలా వేయాలో నా చేతులు మర్చిపోయాయి. ఇంట్లో వేసేది పాత బొంత, దాన్ని విసిరే పనిలేదు.

"మీరు ఎవరి కోసం ఆగుతున్నారు?" అంది ఆవిడ. "నాతో పనిచేసే మనిషి కోసం. ఆమె పేరు నీలమ్మ" అన్నాను. "ఆమె అప్లై చేయలేదా?" కమలాకర్ తల అడ్డంగా ఊపారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆయన మొహంలో నాకు కోపం కనిపించలేదు, భయం కనిపించింది. పద్నాలుగేళ్ళుగా సెట్లో డైలాగు మర్చిపోయినవాళ్ళకి పక్కనుంచి అందించే మనిషి, నాకూ ఒక డైలాగు అందిస్తున్నారు. 'చేయలేదు' అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు.

"ఆమె నన్ను నమ్మి ఫారం ఇచ్చింది. నేను పంపలేదు. పంపానని చెప్పాను. నాకు జలుబు కూడా లేదు, వీడియోలో గొంతు మా ఆడపడుచుది" అన్నాను. నా ఇంగ్లీషులో తప్పులు నాకే వినబడుతున్నాయి. ఎందుకలా చేశారని ఆవిడ అడిగింది. "ఆమె నా పక్కన ఉంటే నేను చేసే పని ఏమిటో అందరికీ తెలుస్తుందని" అన్నాను. ఆవిడ మళ్ళీ ఏదో రాసుకుంది. తర్వాత, "ఫారాలకి రేపు సాయంత్రం దాకా గడువుంది. మీ సంగతి మెయిల్‌లో చెబుతాం" అని ఫోన్ పెట్టేసింది.

"జలుబన్నదానివి అక్కడితో ఆగొచ్చుగా! ఎవరడిగారు నిన్ను అంత నిజం?" అని కమలాకర్ అరిచారు. మా అత్తగారు, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ముందే వద్దన్నాను" అని టీవీ దగ్గరికి వెళ్ళారు. కిందపడ్డ దుప్పటిని దాటుకుని కమలాకర్ బయటికి వెళ్ళారు. నేను కూడా దాన్ని తీయలేదు. బ్యాగు తీసుకుని ఆటో ఎక్కాను.

నీలమ్మ గెస్ట్‌హౌస్ వెనక వరండాలో తువ్వాళ్ళు మడతపెడుతోంది. దారంతా ఎలా మొదలుపెట్టాలా అని కూర్చుకున్న మాటలన్నీ ఆమెని చూడగానే పోయాయి. నిలబడే చెప్పాను. "నీలమ్మా, నీ ఫారం నేను పంపలేదు. అబద్ధం చెప్పాను."

"ఎరుకే అక్కా" అంది, మడత ఆపకుండా. "నీ పేరొక్కటే వచ్చిందని హనుమంతు మొదట్లనే చెప్పిండు."

"మరి రోజూ ఎందుకడిగావు?"

"ఎన్ని దినాలు చెప్తవో సూద్దామని."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. బ్యాగులోంచి కాగితాలు తీసి, "రేపు సాయంత్రం దాకా ఉంది, ఇప్పుడే పంపిస్తాను" అన్నాను. అవి నలిగి, నా టిఫిన్ డబ్బా నూనె అంటుకుని ఉన్నాయి. వాటిని ఆమె చేతికి ఇవ్వడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఒద్దు. మా బిడ్డ ఫోన్ల నింపి పంపింది, నాలుగు దినాలాయె. వీడియో నేనే మాట్లాడిన, తెలుగులనే. వాళ్ళు ఏమన్న అనుకోనీ" అని నీలమ్మ తన ఫోన్ తెరిచి నాకిచ్చింది. బోరబండలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల ఎంతో శ్రద్ధగా నింపింది. కిందికి జరుపుతూ పోయాను. ఆఖర్న, జతగా పనిచేసేవారి పేరు రాయమని ఒక గడి ఉంది. నా ఫారంలో నేను ఖాళీగా వదిలేసిన గడి అది. అక్కడ నా పేరు ఉంది. పద్మప్రియ, ఇంటిపేరుతో సహా. అంటే ఇవాళ మధ్యాహ్నం ఇంటర్వ్యూలో ఆవిడ 'ఆమె అప్లై చేయలేదా?' అని నన్ను అడిగేసరికే ఈ ఫారం ఆవిడ ముందుంది.

"అన్నీ తెలిసి కూడా నా పేరెందుకు రాయించావు?" అన్నాను.

నీలమ్మకి మొదటిసారి కోపం వచ్చింది. మడిచిన తువ్వాలు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"మూడేండ్ల సంది నాతోని పనిచేసింది నువ్వే గద. నీ మీద కోపమొచ్చిందని అబద్ధం రాయించాల్నా?"