పొగ తగ్గించే మందు

1996 వేసవిలో తెనాలి నుంచి నరసింహం గారు రెండు డబ్బాల మందు పట్టుకుని బాపట్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చారు. డీజిల్లో కలిపితే నల్లపొగ తగ్గే మందు, ఆయన సొంత తయారీ. తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల దాకా తిరిగే మూడు ప్రైవేటు బస్సులకి అప్పటికే పోయిస్తున్నారు. కాలేజీవాళ్లు పరీక్ష చేసి కాగితం రాసిస్తే మిగతా బస్సులవాళ్లూ నమ్ముతారని ఆయన ఆశ.

ఆ పని ప్రేమకుమారికి అప్పగించారు. లెక్చరరుగా చేరి ఏడాది కాలేదు. రోజూ రేపల్లె నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, ఇల్లు చేరేసరికి చీరంతా పొగవాసన. ఈ మందు పనిచేస్తే బాగుండునని ఆమెకీ ఉంది.

ల్యాబ్ మెకానిక్ లాజరు ముందు వట్టి డీజిల్‌తో ఇంజను నడిపాడు. పొగను పీల్చిన తెల్లకాగితం కాటుకలా నల్లబడింది. మందు కలిపి నడిపితే లేత మరక మాత్రమే పడింది.

"చూశావామ్మా! ఇంకేం కావాలి?" అన్నారు నరసింహం.

"ఇంకో వారం నడపాలండి."

ఆరో రోజున లాజరు పొగగొట్టం విప్పి కేకేశాడు. "ఏంటమ్మా ఇది? ముప్పై ఏళ్లుగా గొట్టాలు తోముతున్నా. లోపల మసి చూశాను గానీ ముగ్గుపిండి ఎప్పుడూ చూళ్లేదు."

ప్రేమకుమారి వేలితో గీరింది. తెల్లటి పొడి. పొగ తగ్గడానికి మందులో కలిపిన లోహం కాలి మాయమయ్యేది కాదు. కొంత గొట్టానికి అంటుకుంది, మిగతాది గాల్లో కలిసింది. ఎంత కలిసిందో కొలిచే సాధనం అక్కడ లేదు.

"ఆయన పొగ గురించి అడిగాడు, పొగ గురించే రాయండి. అబద్ధం కాదుగా," అన్నారు హెడ్ చంద్రశేఖరం గారు.

అబద్ధం కాదు. అందుకే ఆమెకి మనసు ఒకచోట నిలవలేదు. రాసింది రెండుసార్లు చింపేసింది. సాయంత్రం వచ్చింది ఆ మందు పోస్తున్న మూడు బస్సుల్లో ఒకటి; ఎక్కబోతూ వెనక్కి వెళ్లి పొగగొట్టం చూసింది. పొగ లేదు. అయినా దారంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది.

మర్నాడు అంతా ఒకే వాక్యంలో రాసేసింది: "ఈ మందుతో నల్లపొగ బాగా తగ్గింది కాని లోహపు పొడి బయటికి వస్తోంది కనుక, దాని సంగతి తేలేదాకా వాడమని చెప్పలేము."

నరసింహం మొహం మాడిపోయింది. "ముందు సగం చాలమ్మా నాకు."

"విడదీయడం కుదరదండి."

కాగితం బల్లమీదే వదిలేసి వెళ్లిపోయారు.

పది రోజులకి మళ్లీ వచ్చారు. చేతిలో గోనెసంచి, అందులో బస్సు సైలెన్సరు. బల్లమీద దులిపితే తెల్లపొడి రాలింది.

"మూడు నెలలమ్మా," అన్నారు. "పొగ పోయిందని మురిసిపోయి, తెనాలి బస్టాండులో ఆ బస్సుల వెనకే నిలబడి గాలి పీల్చుకునేవాణ్ణి. నా పక్కన ఎంతమంది నిలబడ్డారో! మూడు బస్సులకీ ఆపించేశాను." గోనెసంచి మడుస్తూ అడిగారు. "లోహం లేకుండా చెయ్యగలమా?"

"తెలీదండి. మొదట్నుంచీ చూడాలి."

ఏడాదిన్నర పట్టింది. కొత్త మందు గొట్టంలో పొడి మిగల్చలేదు, పొగనీ అంతగా తగ్గించలేదు. ఆ రెండు మాటలూ నరసింహం డబ్బామీద అచ్చేయించారు. కొన్నవాళ్లు తక్కువే.