అత్తగారి మోకాళ్ళు

మారథాన్‌లో పరిగెత్తుతున్న కన్యాకుమారికి బొబ్బిలి బజారులోకి వచ్చేసరికే పని అయిపోయింది. జనం మాత్రం పళ్ళేలు వాయిస్తూ, మీద నీళ్ళు చల్లుతూ ఒకటే గోల. పేరిచ్చిన రోజునే బుద్ధి ఉండాల్సిందని తిట్టుకుంటూ, సొంతింటి అరుగు మీద కూలబడదామని అటు తిరిగింది.

అరుగు మీద అత్తగారు తాయారమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులని నాలుగేళ్ళుగా మంచినీళ్ళు కూడా కూర్చున్నచోటికే తెప్పించుకునే మనిషి. ఆ కేకలకు ఒళ్ళు మరిచిపోయి, అరుగు మీంచి ఒక్క దూకు దూకి, కోడలి పక్కన పరుగందుకుంది.

“ఆగకే కుమారీ! ఊరంతా సూస్తన్నాది, లగెత్తు!”

కన్యాకుమారికి ఎక్కడలేని ఓపికా వచ్చింది. తను ఆగితే ఆవిడకు నొప్పులు గుర్తొస్తాయి. పందెం ముగిసే కోట దాకా ఈవిడ పరుగు ఊరంతా చూడనీ అనుకుని వేగం పెంచింది.