గిటారు కూర్చున్న చోటు

మా ఆయన యుగంధర్ విశాఖ హోటళ్లలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు రాక్ పాటలు పాడారు. అరవై దాటాక తన వాళ్ల పాటలు పాడాలనిపించింది. శ్రీకాకుళం తీరంలో, చేపల వేటగాళ్ల ఇంట పుట్టిన మనిషి. మేనమామ సూరయ్య నోట చిన్నప్పుడు విన్న వల లాగే పాటలు ఎనిమిది ఏరి, గిటారు, డ్రమ్ములతో ఆల్బమ్ చేశారు.

అది అమ్ముడుపోలేదు. ఊరికే పంచినవి కూడా ఎవరూ విన్నట్టు లేదు. మిగిలిన సీడీల పెట్టెలు మా మంచం కింద ఉన్నాయి. ఊడ్చిన ప్రతిసారీ వాటిని జరుపుతాను.

"మావకి వినిపిస్తాను. ఆయన బాగుందంటే చాలు. లేదంటే ఇంక పాడను," అన్నారు ఒక ఉదయం.

మేం ఆయన ఊరు వెళ్లేసరికి ఒడ్డున పాతికమంది తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. పెద్ద వల ఇంకా నీళ్లలోనే ఉంది. సూరయ్య పడవ నీడన కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు.

"గొంతు మా అక్కదే రా."

"పాట, మావా?"

"బాగుంది. కానీ దీనికి వల రాదు."

"ఏటి?"

"నువ్వు పిలిసి ఆగాల. ఆ ఆగిన సోటే మేం లాగేది. అక్కడ నీ గిటారు కూసుండిపోనాది. జనం ఎక్కడ లాగాల?"

చేపలు కొని అమ్ముకోడానికి బుట్టతో కాచుకున్న అసిరమ్మ నవ్వింది. "ఈ పాటతో లాగితే సేపలు నీళ్లలోనే ముసిలైపోతాయి."

స్టూడియోలో ఆయన ఆ ఖాళీలు ఉంచే పాడారు. వెలితిగా ఉంది, గిటారుతో నింపమన్నది నేను. మా పుట్టింటి వాళ్లది రాజాంలో బట్టల కొట్టు. అలమరలో ఒక అర ఖాళీగా కనిపిస్తే మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు.

"నింపమన్నది నేనే, బాబాయ్ గారూ."

"పాడింది నేను కదా," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

"ఎవులు నింపితే ఏటి. ఎల్లి తాడట్టుకో. ఈ పూట నువ్వే పిలు," అన్నాడు సూరయ్య.

ఆయన చెప్పులు విడిచి వరసలో చివర నిలబడ్డారు. మొదటి మాట పిలిచి ఆగారు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో పాతికమంది మడమలు ఇసకలో దిగాయి. తాడు ఒక బారెడు వచ్చింది.

నేను ఆయన చెప్పులు అలకు అందకుండా పైకి తెచ్చాను. రెండో మాటకు ఆయన తొందరపడలేదు.